ఆ మూడో పాఠం తీసెయ్యి

నాచారం,
10 ఫిబ్రవరి 2025, సోమవారం

ప్రశాంతూ,

మూడు కిలోమీటర్ల అవతల నుంచి నీ నానమ్మ చెబుతుంటే తారామణమ్మ రాస్తున్న ఉత్తరం ఇది.

నువ్వు ఉప్పల్‌లో, నేను నాచారంలో ఉండి ఉత్తరాలేమిటని నవ్వకు. నీతో నోటితో మాట్లాడనని నిన్న పోచమ్మ గుడి ముందు ఒట్టు పెట్టుకున్నాను. ఒట్టు నోటికే, కాగితానికి కాదు. తారామణమ్మ మన పక్కింటి ఆమె, నీకు తెలుసు. సర్కారు ఆఫీసులో ముప్పై రెండేళ్ళు టైపు కొట్టి రిటైరైంది. కృష్ణా జిల్లా మనిషి కాబట్టి నేను "వచ్చిండు" అంటే ఆమె "వచ్చాడు" అని రాస్తుంది. రాసుకోనీ. అక్షరం ఆమెది, కోపం నాది. ఒక్క మాట కూడా మెత్తబరచనని ఆమె మాటిచ్చాకే కుర్చీ వేశాను. ఉత్తరం మోసేది నీ పెళ్ళాం గౌతమి. రోజూ ఇక్కడి ల్యాబులో డ్యూటీకి మా గల్లీలోంచే కదా పోతుంది.

ఇక విషయం. నిన్న తారామణమ్మ తన ఫోనులో నా ఫోటో చూపించింది. గడప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న ఫోటో. ఉద్యోగస్తుల కోసమే ఒక ఫేస్‌బుక్ లాంటిది ఉందట కదా, అందులో నువ్వే పెట్టావట. పైన "చదువు రాని మా నానమ్మ నేర్పిన ఏడు నాయకత్వ పాఠాలు" అని రాశావట. ఆమె చదువుతుంటే ఇంకెవరి నానమ్మ గురించో అనుకుని విన్నాను.

మొదటిది, నేను రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఆ రోజు పనులు ఆలోచించుకుంటానట. మొదటి షిఫ్టు ఉన్న రోజుల్లో తప్ప ఆరు కాకముందు నేను లేచింది లేదు. రెండోది, ఎవరు చెప్పినా ఓపికగా వింటానట. అది చదువుతూ తారామణమ్మకు నవ్వుతో పొలమారింది, నీళ్ళు తాగించాల్సి వచ్చింది. ఐదోది, ఓటమి అనేది ఒక మెట్టు అని నీకు చిన్నప్పుడు చెప్పానట. నువ్వు మెట్ల మీద పడ్డప్పుడు చెంప మీద ఒక్కటిచ్చాను, అంతే.

ఇవన్నీ పోనీ. మూడోది చూడు. "తప్పు జరిగితే అందరికంటే ముందు చెయ్యెత్తేది మా నానమ్మే. పచ్చళ్ళ కంపెనీలో ఇరవై ఆరేళ్ళూ ఆమెకు అదే పేరు." ఇది అబద్ధం. చెయ్యెత్తాల్సిన రోజు ఒకటి వచ్చింది. నేను ఎత్తలేదు. నా బదులు ఇంకో మనిషి పని పోగొట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ మనిషి ఇంకా బతికే ఉన్నాడు.

మిగతా ఆరు నీ ఇష్టం. ఆ మూడో పాఠం తీసెయ్యి. ముప్పై ఒక్కేళ్ళు వచ్చాయి నీకు. నీకు జరిగింది నువ్వు చెప్పుకో. నీ మాటలు తెచ్చి నా నోట్లో పెట్టకు.

(వేలిముద్ర)
రాములమ్మ

ఓపిక దగ్గర నేను నవ్విన మాట నిజమే బాబూ, ఏమీ అనుకోకు. — తారామణి


ఉప్పల్,
12 ఫిబ్రవరి

నానమ్మా,

నీ ఉత్తరం గౌతమి నాకు ఇచ్చే ముందే మెట్రోలో రెండుసార్లు చదివేసింది. "మీ ఇద్దరి మధ్యకు నన్ను లాగొద్దు" అంటూనే, ఆ ఫోటోలో నీ చీర కుచ్చిళ్ళు సరిగా లేవని, నీ కోపం దానికేనని చెప్పింది. ఫోటో మార్చేశాను. ఇప్పుడు గృహప్రవేశం నాటి పట్టుచీర ఫోటో ఉంది.

ఎవరో పని పోగొట్టుకున్నారని రాయించావు. నువ్వెప్పుడూ ఇంతే. పొగిడితే నీకు ఒళ్ళు మండుతుంది. ఫ్యాక్టరీ అన్నాక ఎవరో వస్తారు, ఎవరో పోతారు. దానికి నువ్వేం చేస్తావు?

పైగా అందరికీ నచ్చింది ఆ మూడోదే. పదకొండు వేల మంది మెచ్చుకున్నారు. మా మేనేజర్ ప్రజ్ఞ మేడం సోమవారం మీటింగులో దాన్నే చదివి వినిపించింది. ఇప్పుడు తీసేస్తే ఏమైందని అడుగుతారు.

నాకు జరిగింది చెప్పుకోమన్నావు. అక్కడ ఎవరూ తమ సంగతి చెప్పుకోరు నానమ్మా. అందరూ ఎదుటివాళ్ళకు చెప్పేవాళ్ళే. ఉద్యోగం పోయినవాడు కూడా ఉద్యోగం నిలబెట్టుకోవడం ఎలా అని రాస్తాడు. అక్కడి పద్ధతి అది.

నీ మనసు నొచ్చుకున్నందుకు మాత్రం అందరి ముందూ క్షమాపణ చెబుతాను. ఈ రోజే రాసి పెడుతున్నాను.

నీ
ప్రశాంత్


నాచారం,
15 ఫిబ్రవరి

ప్రశాంతూ,

ఈసారీ ఆశీర్వాదం లేదు.

క్షమాపణ అన్నావు. తారామణమ్మ తెరిచి చదివింది. "మా నానమ్మ కోపం నాకు నేర్పిన ఐదు విషయాలు." నేను తిట్టినా దాన్ని కూడా పాఠం చేసి అమ్ముకుంటున్నావు. రేపు నేను చస్తే ఎన్ని పాఠాలు వస్తాయో ఇప్పుడే లెక్క వేసుకో.

ఇక్కడ ఏం జరిగిందో విను. మన గల్లీ చివర మందుల షాపు బుచ్చిబాబు నీ ఏడు పాఠాలూ పెద్ద కాగితం మీద అచ్చు తీయించి గోడకు అతికించాడు. నిన్న బీపీ మాత్రలకు పోయాను. షాపులో మందులిచ్చే ఆమెను నిలబెట్టి, ఎవరికో తప్పు మందు పోయిందని నిలదీస్తున్నాడు. ఆమె "నేను గాదు సార్, నిన్న నేను సెలవుల ఉన్న" అంటోంది. బుచ్చిబాబు గోడ వైపు వేలు చూపించాడు.

"మూడో పాఠం సదివినవా లేదా? పెద్దామె లెక్క ముందుగాల ఒప్పుకో. ఒప్పుకుంటే నీకే ఇజ్జత్."

అంతలో నన్ను చూసి, "ఏమంటవ్ అమ్మా, నువ్వే చెప్పు" అన్నాడు. నేను పోయి ఆ కాగితం గోడ మీది నుంచి చింపేశాను. "సెలవుల ఉన్న మనిషి ఏం ఒప్పుకుంటది? ముందు నువ్వు రిజిస్టర్ సూడు" అన్నాను. మాత్రలు తీసుకోవడం మరిచిపోయి వచ్చాను.

సలహా అంటే ఏమిటో నాకు బాగా తెలుసు. మోకాలి ఆపరేషన్‌కు ముందు మన ఇంటికి ఎంతమంది వచ్చారో నీకు గుర్తుండాలి. ధైర్యంగా ఉండమన్నారు, నడవమన్నారు, నడవొద్దన్నారు, మెంతులు నానబెట్టి తాగమన్నారు. ఒక్కరి మాటా నిలబడలేదు. తారామణమ్మ మాత్రం వచ్చి, తనకు ఆపరేషన్ అయిన మూడో రోజు దవాఖానా బాత్రూంలో లేవలేక కూర్చుండిపోయి ఎలా ఏడ్చిందో చెప్పింది. నన్ను ఏమీ చేయమనలేదు. మూడో రోజు నేనూ అలాగే కూర్చుండిపోయాను. ఆమె కూడా ఇలాగే ఉండి లేచిందిగా అనుకున్నాను, లేచాను. (ఇది రాయనని తారామణమ్మ మొండికేసింది. రాయాల్సిందే అన్నాను.)

మూడో పాఠం ఇంకా అక్కడే ఉంది. చీర ఫోటో నాకక్కర్లేదు.

రాములమ్మ (వేలిముద్ర)


ఉప్పల్,
18 ఫిబ్రవరి

కోపంలో ఉన్న నానమ్మకు,

ఈ ఉత్తరం చదివించుకున్నాక నీ కోపం పోతుంది.

నిన్న కళ్యాణ్ అని ఒక అబ్బాయి నాకు మెసేజ్ పెట్టాడు. కీసరలో ఉంటారట. నీ గురించి నేను రాసింది వాళ్ళ తాతకు చదివి వినిపించాడట. ఆయన పేరు మొగిలయ్య. నీతో పాటు ఆ పచ్చళ్ళ కంపెనీలోనే స్టోర్స్‌లో పనిచేశాడట. నీ పేరు వినగానే ఆయన కళ్ళు తుడుచుకున్నాడట.

కళ్యాణ్ రాసింది అలాగే దించుతున్నాను. "మా తాత రాములమ్మ గారి గురించి ఎప్పుడూ చెబుతాడు. కంపెనీలో తను లేబుళ్ళు తారుమారు చేసి పెద్ద నష్టం తెచ్చాడట. ఆ రోజు అందరూ తిడుతుంటే ఆమె ఒక్కతే ఒక్క మాట అనలేదట. పక్కన తలవంచుకుని నిలబడిందట. అంత మంచి మనిషిని మళ్ళీ చూడలేదంటాడు."

చూశావా, నేను రాసింది ఏమంత తప్పు కాదు.

ఇంకా ఉంది. మార్చి ఏడున మా ఆఫీసులో మహిళా దినోత్సవం. ముఖ్య అతిథివి నువ్వే. ప్రజ్ఞ మేడం అడిగితే నీ తరఫున ఒప్పేసుకున్నాను. మొగిలయ్య తాతను కూడా పిలిచాం. స్టేజీ మీద రెండు నిమిషాలు మాట్లాడతానన్నాడు. తన తప్పు తాను అందరి ముందూ చెప్పి, ఆ రోజు నువ్వు చూపిన దయకు దండం పెడతాడట. కొత్త ధోతి కూడా కొనుక్కున్నాడని కళ్యాణ్ చెప్పాడు. ఫ్లెక్సీలు ప్రింటుకు ఇచ్చేశాం.

ఇప్పుడైనా ఫోను ఎత్తుతావా?

ప్రశాంత్


నాచారం,
20 ఫిబ్రవరి

ప్రశాంత్‌కు, నానమ్మ.

నీ ఉత్తరం మూడుసార్లు చదివించుకున్నాను. మూడోసారికి తారామణమ్మే కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టేసింది. ఇప్పుడు నేను చెప్పేది మీ నాయన బాలరాజుకు కూడా తెలియదు.

నువ్వు పుట్టడానికి రెండేళ్ళ ముందు మాట. మీ తాత పోయాడు, మీ నాయనకు ఇంకా పని దొరకలేదు. కంపెనీలో కాయలు కోసే షెడ్డు పని ఎండాకాలం అయ్యేదాకే. లేబుళ్ళు అతికించే బల్ల దగ్గరైతే ఏడాది పొడుగునా పని. కానీ దానికి చదువు రావాలి. ఏడో తరగతి పాసయ్యానని చెప్పి చేరాను.

ఆవకాయ రెండు రకాలు, వెల్లుల్లి వేసింది, వెయ్యనిది. లేబుళ్ళు రెండూ ఒకటే రంగు. రెంటి మీదా ఒకటే మామిడికాయ బొమ్మ. అక్షరాలే వేరు. నాకు చదువు రాదని వారం తిరగకముందే స్టోర్స్ మొగిలన్న కనిపెట్టాడు. ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నుంచి వెల్లుల్లి లేబుళ్ళ కట్టకు ఎర్ర దారం, వెల్లుల్లి లేనిదానికి తెల్ల దారం కట్టి నా బల్ల మీద పెట్టేవాడు. నాలుగేళ్ళు అలా నడిచింది.

ఒక రోజు పొద్దున నా టిఫిను డబ్బా క్లిప్పు ఊడిపోయింది. చేతికందిన ఎర్ర దారం విప్పి డబ్బాకు కట్టుకున్నాను. తెల్లది ఉందిగా, గుర్తుంటుందిలే అనుకున్నాను. పనిలో పడి తెల్లదీ విప్పాను. అన్నం తిని వచ్చేసరికి బల్ల తుడిచినవాళ్ళు కట్టలు రెండూ జరిపేశారు. ఏది ఏదో తెలియలేదు. ఎవరినైనా అడిగితే చదువు రాదని బయటపడుతుంది. ఒకటి తీసుకుని అతికించాను.

నూట నలభై పెట్టెలు ఉల్లి, వెల్లుల్లి ముట్టని సేట్ల దుకాణానికి పోయాయి. ఏకాదశి మర్నాడు సేటు తల్లి అన్నం కలుపుకుంటే వెల్లుల్లి రెబ్బ పంటి కింద పడింది. లారీ మొత్తం వెనక్కి వచ్చింది.

సూపర్‌వైజర్ జనార్ధనరావు అందరినీ వరుసలో నిలబెట్టాడు. "ఎవరు చేశారిది?" అన్నాడు. మొగిలన్న ముందుకొచ్చి "నేనే సార్, కట్టలు తారుమారు జేసిన" అన్నాడు. నా డబ్బా నా చేతిలోనే ఉంది, ఎర్ర దారంతో. కొంగు కింద పెట్టుకున్నాను. మర్నాడు నుంచి ఆయన పనికి రాలేదు. కీసర పోయి గొర్రెలు కాసుకుంటున్నాడని విన్నాను.

నన్ను కాపాడటానికే ఆయన ఆ రోజు అబద్ధమాడాడని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అలా అనుకుంటే నాకు కొంచెం నిద్ర పట్టేది. నీ ఉత్తరంతో తెలిసింది, ఆయన అబద్ధమాడలేదు. దారాలు తానే తారుమారుగా కట్టానని నిజంగా నమ్మాడు. ఇరవై తొమ్మిదేళ్ళుగా నమ్ముతున్నాడు. నేను తలవంచుకున్నది దయ అనుకున్నాడు.

ఇప్పుడు నువ్వు ఆ మనిషికి కొత్త ధోతి కట్టించి, స్టేజీ ఎక్కించి, నా తప్పు ఆయన చేత ఒప్పిస్తానంటున్నావు.

అది జరగకూడదు.

రాములమ్మ


ఉప్పల్,
22 ఫిబ్రవరి

నానమ్మా,

మూడోది తీసేశాను. ఇప్పుడు రెండు తర్వాత నాలుగు ఉంది. మూడోది ఏదని ఇప్పటికే పదహారు మంది అడిగారు. ఎవరికీ జవాబు ఇవ్వలేదు.

మొదటి ఉత్తరంలోనే చెప్పావు. నేనే వినలేదు. నీ ఫోటో గురించి, నీ చీర గురించి రాశాను. సిగ్గుగా ఉంది.

నేను ఆలోచించింది ఇది. మొగిలయ్య తాతను రావద్దంటాను, ప్రోగ్రాం మారిందని చెబుతాను. నువ్వూ రావద్దులే, ఒంట్లో బాగాలేదంటాను. ఫ్లెక్సీ సంగతి ప్రజ్ఞ మేడంతో నేను పడతాను. లేదంటే నేనే కీసర పోయి ఆయనకు మెల్లగా చెబుతాను. డెబ్బై ఆరేళ్ళ మనిషి, ఎలా తీసుకుంటాడో. అసలు చెప్పకుండా ఊరుకుంటేనే ఆయనకు మంచిదేమో కూడా ఆలోచించు. ఆయన మనసులో నువ్వు మంచిదానివి. అది ఉండనీ.

గౌతమి మాత్రం "నీకెందుకు, అది నానమ్మ చెప్పుకోవాల్సిన మాట" అంది. నాతో నిన్నటి నుంచి సరిగా మాట్లాడట్లేదు. ఆమెకేం ఒట్టు లేదు, అయినా.

ఏం చేయమంటావో చెప్పు.

ప్రశాంత్


నాచారం,
27 ఫిబ్రవరి

ప్రశాంతూ,

నువ్వు చెప్పాల్సిందేమీ లేదు. నేను పోయి చెప్పి వచ్చాను.

నిన్న శివరాత్రి కదా, ఈసీఐఎల్ నుంచి కీసరకు స్పెషల్ బస్సులు వేశారు. తారామణమ్మ, నేను ఎక్కాం. నిలబడటానికే చోటు లేదు. ఆమె బస్సులో వాళ్ళందరికీ నా మోకాలి ఆపరేషన్ సంగతి వివరంగా చెప్పి నాకు సీటు సంపాదించింది. గుట్ట మీది రామలింగేశ్వరుడికి కింద నుంచే దండం పెట్టి, దారి అడుగుతూ మొగిలన్న ఇంటికి పోయాం.

మనిషి ఎండిపోయాడు గానీ నన్ను చూడగానే గుర్తుపట్టాడు. "ఏం రాములా, ఇన్నేండ్లకు తొవ్వ దొరికిందా" అని మంచం వాల్చాడు. వదినె ఉపవాసం ఉంది, గడపలో కూర్చుని వత్తులు చేస్తోంది. నేను మంచం మీద కూర్చోలేదు. నిలబడే చెప్పాను. క్లిప్పు ఊడింది, దారం విప్పాను, కట్టలు కలిశాయి, ఒకటి తీసి అతికించాను, కొంగు కింద పెట్టుకున్నాను. అంతే. ఎందుకు చేశానో చెప్పలేదు. అది ఆయన అడగలేదు.

ఆయన "మళ్ళొక్కసారి చెప్పు" అన్నాడు. చెప్పాను.

"ఇరవై తొమ్మిదేండ్ల సంది ఇంటికి తాళమేసి మూడుసార్లు గుంజి సూస్తున్న. గొర్లను ఒక్కసారి లెక్కవెట్టి ఊకున్న దినం లేదు. నా చేతుల మీద నాకే నమ్మకం లేకుంట జేసినవ్ గదనే."

వదినె వత్తులు పక్కన పెట్టి నవ్వడం మొదలుపెట్టింది. "అగో, ఇగ మొన్న తప్పిపోయిన మేకపిల్లను గుడ రాములమ్మనే తోల్కపోయిందంటడు" అంది. ఆయన నవ్వలేదు. లేచి లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకున్నాడు. వదినె మమ్మల్ని గేటు దాకా సాగనంపి, "నేను గుడ శానా మాటలన్న ఆయన్ని, గా లేబుళ్ళ మీద" అంది. అప్పుడు మాత్రం ఆమె కూడా నవ్వలేదు.

ఆయన మార్చి ఏడుకు వస్తాడో రాడో తెలియదు. ప్రోగ్రాం మాత్రం ఆపకు. నేను వస్తాను. నా కంటే ముందు ఆయనకు మైకు ఇవ్వొద్దు. నేను చెప్పాక ఆయన తిట్టాలనుకుంటే తిట్టనీ, మైకు గుంజుకోవద్దు. ఇది మీ మేడంకు చెప్పు.

రాములమ్మ

తా.క. బాబూ, బస్సులో నేను ఆపరేషన్ సంగతి కాస్త ఎక్కువే చెప్పాను. సీటు కోసమే. — తారామణి


ఉప్పల్,
8 మార్చి

నానమ్మా,

నిన్న ఏం జరిగిందో నాకు ఎవరూ సరిగా చెప్పట్లేదు.

మొగిలయ్య తాత వాళ్ళను తీసుకురావడానికి నేను ఉప్పల్ మెట్రో దగ్గర పదింటి నుంచి పన్నెండింటి దాకా ఎండలో నిలబడ్డాను. కళ్యాణ్ ఫోను ఎత్తలేదు. ఇక రారని ఆఫీసుకు వచ్చేసరికి స్టేజీ ఖాళీ. హాలు మాత్రం ఖాళీ కాలేదు. రెండు వందల మంది గుంపులు గుంపులుగా నిలబడి మాట్లాడుకుంటున్నారు. కళ్ళు తుడుచుకునేవాళ్ళు కొందరు, నవ్వేవాళ్ళు కొందరు. మా టీంలో తేజేష్‌ను అడిగితే "మీ నానమ్మ సూపర్ అన్నా, కానీ ఆ తాత ఇంకా సూపర్" అన్నాడు. ప్రజ్ఞ మేడం తను కొత్తగా చేరినప్పుడు చేసిన పొరపాటు ఒకటి ఎవరికో చెబుతోంది. శాలువా, మెమెంటో టేబుల్ మీదే ఉన్నాయి. నువ్వు తాతతో, ఆయన భార్యతో ఆటో ఎక్కి వెళ్ళిపోయావని వాచ్‌మన్ చెప్పాడు.

నా సంగతి చెబుతాను. ఇంటికొచ్చి ఏడు పాఠాలు, ఐదు విషయాలు మొత్తం తీసేశాను. ఒక్క చిన్నది రాశాను. పోయిన నవంబరులో ఒక ఇంటర్వ్యూకు పోయాను. నా గురించి నేనే రాసుకున్న కాగితంలో ఒక ప్రాజెక్టు గురించి అడిగారు. సగం కూడా నేను చేసింది కాదు. బాత్రూం అని లేచి, మెట్ల మీదుగా ఆరంతస్తులు దిగి, మెట్రో ఎక్కి వచ్చేశాను. వాళ్ళిచ్చిన విజిటర్ కార్డు ఉప్పల్‌లో దిగేదాకా మెడలోనే ఉంది. వారం తర్వాత "ఇంటర్వ్యూలో గెలవడానికి తొమ్మిది సూత్రాలు" అని రాశాను. ఇంతే రాశాను, కింద పాఠమేమీ పెట్టలేదు.

అరవై మూడు మంది చూసి మెచ్చుకున్నారు. పదకొండు వేల ముందు అరవై మూడు. కానీ అందులో తొమ్మిది మంది తమకు జరిగింది రాశారు. ఒకాయన అదే భవనంలో అవే మెట్లు దిగాడట.

గౌతమి కూడా అక్కడే చదివింది. ఇడ్లీ పిండి గిన్నె కింద పెట్టి, "ఇంటర్వ్యూ వాయిదా పడిందన్నావు కదా" అంది. అరగంట తిట్టింది. తర్వాత ఆరంతస్తులు దిగేటప్పుడు ఏమనిపించిందని అడిగింది. చెప్పాను. ఇప్పుడు మామూలుగానే మాట్లాడుతోంది.

నువ్వు ఎక్కడికి వెళ్ళావు? ఆయన ఏమన్నాడు?

ప్రశాంత్


నాచారం,
10 మార్చి

ప్రశాంతూ, బిడ్డా,

అన్నీ తీసేశావని తారామణమ్మ చూసి చెప్పింది. నా ఒట్టు తీరిపోయింది, ఫోను చేయొచ్చు. కానీ ఇంత కథ ఫోనులో చెబితే మధ్యలో నువ్వు అడ్డం వస్తావు. అందుకే ఇదొక్కటి.

కళ్యాణ్ వాళ్ళను కారులో నేరుగా వెనక గేటుకు తీసుకొచ్చాడట. ఆ పిల్లవాడికి ఫోను ఎత్తాలని తోచలేదు. ముందైతే వాళ్ళు వచ్చారని నాకూ తెలియదు. మీ మేడం నాకు మైకు ఇచ్చి, "మా అమ్మాయిలకు మీరేం సలహా ఇస్తారమ్మా?" అంది.

"నా తాన సలహా లేదు బిడ్డా. నాకొకటి జరిగింది, చెప్త. ఇని ఛాయ్ తాగుండ్రి" అన్నాను.

చెప్పాను. ఏడో తరగతి సంగతి కూడా చెప్పాను. సగంలో ఉండగా వెనక తలుపు దగ్గర తెల్లటి కొత్త ధోతి కనిపించింది. చెప్పడం మాత్రం ఆపలేదు. చివరికి "గా మొగిలయ్య తప్పు లేదు. తప్పు నాది. గీయన ముందట చెప్తున్న" అన్నాను. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. కొట్టకండి అని చెయ్యి ఊపితే ఇంకా గట్టిగా కొట్టారు.

మొగిలన్న మెల్లగా నడిచి వచ్చి మైకు తీసుకున్నాడు. దండం పెడతాడేమోనని భయపడ్డాను. పెట్టలేదు.

"శానా మంచిగ చెప్పింది. మీరంత మంచిగ చప్పట్లు గొట్టిన్రు" అన్నాడు. "గనీ గీ హాల్ల నా పేరు ఎవలకు ఎర్క? మీ ముందట నా పేరు మంచిగయితే నాకేమొస్తది? నా మీద మాటవడ్డ ఇండ్లు వేరే ఉన్నయ్. తొమ్మిది ఇండ్లు. మొగిలయ్య చేతుల ఏం బెట్టినా తారుమారైతదని నవ్వినోళ్ళు. గా తొమ్మిది ఇండ్లకు రావాలె రాములమ్మ. వచ్చి, గిట్లనే నిలవడి చెప్పాలె. వస్తవా?"

హాలంతా నా వైపు చూసింది. ఊరుపేరు తెలియని రెండు వందల మంది ముందు చెప్పడానికి నాకు పెద్దగా భయం వేయలేదు బిడ్డా. ఆ మాట విన్నాక వేసింది. "వస్త అన్నా" అన్నాను. "అయితే ఆటో పిలువు" అన్నాడు. శాలువా సంగతి ఎవరికీ గుర్తు లేదు.

నేరుగా మల్కాజిగిరి పోయాం, ఆయన చెల్లెలి ఇంటికి. స్టేషన్ వెనక ఇల్లు. ఆమె తన బిడ్డ పెళ్ళిలో పుస్తెలు ఉన్న సంచి అన్న చేతికి ఇవ్వలేదట, ఎక్కడో మార్చేస్తాడని. సొంత మేనమామ పెళ్ళంతా ఖాళీ చేతులతో తిరిగాడు. నేను చెప్పడం అయ్యాక ఆమె గంటసేపు నన్ను తిట్టింది. నన్ను తిట్టడం అయ్యాక అన్న దగ్గరికి పోయి చేతులు పట్టుకుని కూర్చుంది. నేను ఒక్క మాట తిరిగి అనలేదు. ఓపికగా విన్నాను. తారామణమ్మ లేదక్కడ, లేకపోతే మళ్ళీ నవ్వేది. మొగిలన్న మాత్రం నేను తిట్లు తింటుంటే రెండుసార్లు పప్పు వడ్డించుకుని తిన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు, "మిగతా ఇండ్లన్ని గీ వారంల జేద్దాం అన్నా" అన్నాను. "తొందరేముంది, ఒక్కో ఐతారం ఒక్కో ఇల్లు. నేను ఇరవై తొమ్మిదేండ్లు మోసిన, నువ్వు రెండు నెలలు మొయ్యలేవా?" అన్నాడు. ఆయనకు ఇది జాతర అయింది.

ఈ ఆదివారం మేడిపల్లి, ఆయన వియ్యంకుల ఇల్లు. తొమ్మిదింటికి బండి తీసుకుని రా. వియ్యంకురాలు నోరున్న మనిషి అని చెబుతున్నారు. నువ్వు గేటు బయటే ఉండు. ఆమె గొంతు పెరిగిందని లోపలికి వచ్చి, మా నానమ్మ ఎంత మంచిదో తెలుసా అని మొదలుపెట్టకు. అక్కడ జరిగింది చెప్పేది నేను, తిట్లు వినేది నేను.

నానమ్మ